జేబులోని టపాపెట్టె

సందేశములు పంపుకొనుటకు స్మార్టుఫోనులో ఏ యాపు ఉంచుకొనవలెనని మమ్ము అడుగు పాఠకులు నానాట హెచ్చుచున్నారు. అడుగువారిలో వకీళ్లున్నారు; వర్తకులున్నారు; పిల్లల చదువుకొఱకు పట్టణమున కాపురముండి పల్లెలోని పొలమును కౌలుకిచ్చినవారున్నారు. పత్రికలో ఈ పుటయందు చర్చింపదగిన విషయమా యిది యని కొందఱు నవ్వవచ్చును. నవ్వునకు మేము వెఱవము. బ్యాంకి పంపు రహస్యసంఖ్య, వైద్యుని పరీక్షాఫలితము, పెండ్లిమాటలు, అన్నదమ్ముల పంపకపుతగవు, గట్టుతగాదాలో వకీలిచ్చిన సలహా - ఇవన్నియు నేడు ఒక్క అరచేతి యంత్రముగుండ వచ్చుచు పోవుచున్నవి. ఆ యంత్రమున మన జాబులకు ఎవరిని కాపుంచితిమను ప్రశ్న చిల్లరప్రశ్న యని మేము తలంపము.

మన పెద్దలకు ఈ విషయమున చక్కని వివేకముండెను. క్షేమసమాచారమునకు కార్డు, డబ్బుసంగతికిని సంబంధపుమాటకును అంటించిన కవరు, దస్తావేజునకు రిజిస్టరుటపా. కార్డును టపాబంట్రోతు చదువునని అందఱెఱుగుదురు. కావున చదివినను చిక్కులేని మాటలనే దానిపై వ్రాసెడివారు. పిల్లదాని పెండ్లిబేరమును కార్డుమీద వ్రాసిన తండ్రిని ఊరు వెఱ్ఱివానిగా నెంచెడిది. నేడు కార్డును కవరును ఒకే గాజుపలకపై ఒకే తీరున కనబడుటచేత ఈ వివేకము మఱుగుపడినది. వచ్చినదానిలో ఏది కార్డో, ఏది కవరో తెలిసికొన్నచో యాపును ఎన్నుకొనుట సగము ముగిసినట్లే.

ఎస్.ఎం.ఎస్. అను పొట్టిసందేశము ముమ్మాటికి కార్డే. 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అను ఇంజనీరు వొడాఫోన్ కంపెనీవారి మార్గమున క్రిస్మసు శుభాకాంక్షలు పంపెను. లోకమున మొదటి ఎస్.ఎం.ఎస్. అదియే. ఆంగ్లాక్షరములైనచో ఒక సందేశమున 160 పట్టును. తెలుగున వ్రాసినచో 70 సంకేతములకే నిండిపోవును. మన లిపిలో గుణింతపు గుర్తును, ఒత్తునకు ముందుండు పొల్లును వేర్వేరు సంకేతములు గనుక 'స్త్రీ' అను ఒక్క యక్షరమే ఆరింటిని ఆక్రమించును. తల్లిభాషలో నాలుగు వాక్యములు వ్రాసినవానికి రెండు మూడు సందేశముల ఖర్చు లెక్కకు వచ్చుటకు కారణమిదియే. పరాయిలిపికి కుట్టిన చొక్కాలో మన భాషను తొడిగినచో ఇట్లే యుండును.

ఈ సందేశము పంపువాని ఫోనునుండి టెలిఫోను కంపెనీకిని, అచ్చటినుండి అందుకొనువానికిని పోవును. నడుమనున్న కంపెనీకి అది తెఱచిన పుస్తకము. సర్కారు విధిప్రకారము కోరినచో కంపెనీ దానిని చూపవలసినదే. 1885వ సంవత్సరపు భారత టెలిగ్రాఫు చట్టమున 5వ సెక్షను ఈ యధికారమును నాటి విదేశప్రభుత్వమునకు ఒసగెను. ప్రభుత్వము మాఱినను ఆ యధికారము పోలేదు. 1996 డిసెంబరులో పి.యు.సి.ఎల్. వ్యాజ్యమున సుప్రీముకోర్టు దానికి కొన్ని కట్టుబాట్లు విధించెను. ఉత్తరువు హోంశాఖ కార్యదర్శి స్థాయి యధికారి ఇచ్చినదై యుండవలెననియు, సమీక్షాసంఘము దానిని పరిశీలింపవలెననియు తీర్పు. 2023నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమున 20వ సెక్షనుగా ఆ యధికారమే తిరిగివచ్చినది. 2024లో దానికి నియమములేర్పడినవి.

నియమమున్నంతమాత్రమున అది నడచుచున్నదని నమ్మవచ్చునా? 2024 మార్చిలో హైదరాబాదున, పోలీసు గూఢచారి విభాగమున పనిచేసిన అధికారులపైననే, అక్రమముగా టెలిఫోనులను వినిరను కేసు నమోదై అరెస్టులు జరిగినవి. దోషనిర్ణయము న్యాయస్థానముల పని, మాది కాదు. ఐనను అట్టి ఆరోపణ పుట్టుటకు వీలుకల్పించు మార్గము ఒకటి కలదనుట ప్రజలు గమనింపవలసిన సంగతి. ఇక చొరబడువారు సర్కారువారే కానక్కఱలేదు. చైనాతో సంబంధముగల చొరబాటుదారులు అమెరికాలోని పెద్ద టెలిఫోను కంపెనీల యంత్రములలో ప్రవేశించిరని 2024లో బయటపడినప్పుడు, ఆ దేశపు ప్రభుత్వశాఖలే డిసెంబరులో ముందుకు వచ్చి, గుప్తీకరణముగల సందేశసాధనములను వాడుకొనుడని సలహా ఇచ్చినవి. ఏండ్లతరబడి అట్టి సాధనములను తమ దర్యాప్తులకు అడ్డుగోడగా నెంచిన ఎఫ్.బి.ఐ. వారును ఈ సలహా ఇచ్చినవారిలో ఉండిరి!

కార్డు కార్డే యైనను దానిని విసర్జింపజాలము. బ్యాంకివారి రహస్యసంఖ్య, గ్యాసుబండి బుకింగు, పన్ను నోటీసు - ఇవి ఎస్.ఎం.ఎస్. గనే వచ్చుచున్నవి. కావున ఇచ్చట ఎన్నుకొనవలసినది రహస్యముగా పంపు యాపును గాదు. వచ్చిన కార్డులను ఇంటిలో ఏ పెట్టెలో వేయవలెను, ఆ పెట్టెలో ఎవఱు చేయిపెట్టకుండ చూచుకొనవలెను అనునదియే. ఈ చిన్న విషయమున మన ప్రాంతమువారు అనుభవించిన దుఃఖము తక్కువది కాదు. 2020 సంవత్సరాంతమున తెలంగాణమున జరిగినదానిని తలచుకొనుడు. నిమిషములలో కొలదివేల రూపాయలు అప్పిత్తుమని కొన్ని యాపులు వచ్చినవి. అప్పు పుచ్చుకొనునప్పుడు ఫోనులోని పేర్లపట్టిక, బొమ్మలు, సందేశములు చూచుకొనుటకు సెలవిమ్మని అడిగినవి. అవసరమున నున్నవాడు చదువక 'సరే' యని నొక్కెను. వాయిదా తప్పినంతనే ఆ పట్టికలోని మేనమామకు, బడిలోని సహోపాధ్యాయునికి, పెండ్లికూతురుకు ఫోనులు పోయినవి. అప్పుదీసికొన్నవానిని దొంగయని చాటి అవమానించిరి. ఆ యవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారును కలరు. డిసెంబరులో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఈ వ్యాపారము నడపువారిని అరెస్టుచేసిరి. వారిలో చైనాదేశీయులును ఉండిరి. 2022 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకి, అప్పిచ్చు యాపులు ఫోనులోని పేర్లపట్టికను, దస్త్రములను, పిలుపుల చిట్టాను ముట్టరాదని శాసించినది. అప్పులిచ్చు షావుకారు ఎంత కఠినుడైనను మన బీరువా తెఱచి ఉత్తరములు చదివి, వానిలోని చిరునామాలకు పోయి మన గుట్టు చాటిన సందర్భము పూర్వమున వినియుండలేదు.

సందేశములను చదువు అనుమతి అంతటి అనుమతి. 2019నుండి గూగుల్ తన దుకాణములోని యాపులకు దీనిని మిక్కిలి కుదించినది. సందేశములు నడపుటయే పనిగా గల యాపునకు తప్ప సామాన్యముగా నీయదు. ఐతే దుకాణము వెలుపలనుండి వచ్చిపడు యాపులకు ఆ కట్టుబాటు వర్తింపదు. ఇటీవలి సంవత్సరములలో పెండ్లిశుభలేఖ యనియు, బండి చలానా యనియు పేరుపెట్టి వాట్సాప్‌లో ఏ.పి.కె. అను దస్త్రమును పంపుచున్న దుండగులు చేయునదిదియే: దానిని నొక్కి స్థాపించుకొన్న ఫోనులోని ఎస్.ఎం.ఎస్. లను చదివి, బ్యాంకి రహస్యసంఖ్యను తస్కరించి ఖాతా ఖాళీచేయుదురు. శుభలేఖ ఎన్నడును యాపుగా రాదు. బొమ్మగానో, పసుపు బొట్టుపెట్టిన కాగితముగానో వచ్చును. ఈ మాట ఇంటిలోని పెద్దలకు ఒకసారి చెప్పియుంచుట మంచిది. మోసము జరిగిపోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

ఆండ్రాయిడు ఫోనుగలవారికి ఎస్.ఎం.ఎస్. యాపును మార్చుకొను స్వాతంత్ర్యము కలదు. ఫోనుతో వచ్చునది చాలవఱకు గూగుల్ వారి మెసేజెస్ యాపు. పనితనమున దోషము లేదు. అదే యాపు వాడు ఇద్దఱి నడుమ అంతర్జాలముగుండ పోవు సందేశములకు తాళపుగుర్తుతో గుప్తీకరణమును కలదు. కాని 2022లో డబ్లిను నగరపు ట్రినిటీ కళాశాల ఆచార్యుడు డగ్లస్ లీత్ పరిశీలించి, ఈ యాపు సందేశముల ముద్రలవంటి గుర్తులను, ఎప్పుడు పంపబడినదను సమాచారమును గూగుల్‌నకు చేరవేయుచున్నదని ప్రకటించెను. గూగుల్ వారు కొన్ని మార్పులు చేయ నొప్పుకొనిరి. బయటివాఱొకరు పట్టుకొనువఱకు వాడుకదారునకు తెలియకుండుటయే ఇచ్చటి చిక్కు.

ఇంతకన్న సాదా పెట్టె కావలెననువారికి ఫాసిఫై మెసేజెస్ అను యాపు కలదు. ఎఫ్-డ్రాయిడ్ అను ఉచిత యాపుల భాండారమునుండి తెచ్చుకొనవచ్చును. ప్రకటనలు లేవు, ఖాతా తెఱువనక్కఱలేదు, దానిని నడపు సోర్సుకోడు ఎవరైనను చదువుకొనవచ్చును. దీని పుట్టుక వినదగినది. సింపుల్ మొబైల్ టూల్స్ అను పేర ఇట్టి సాదాయాపుల వరుస ఒకటి ఏండ్లతరబడి మంచిపేరు సంపాదించినది. 2023 సంవత్సరాంతమున దాని యజమాని ఆ వరుసనంతయు జిపోయాప్స్ అను వ్యాపారసంస్థకు అమ్మివేసెను. వాడుకదారులు ఉలికిపడిరి. ఐతే సోర్సుకోడు బహిరంగమైనదగుటచేత, అదివఱకు దానిపై పనిచేసినవారిలో కొందఱు పాత కోడునే తీసికొని ఫాసిఫై అను పేర మరల నిలువబెట్టిరి. యజమాని దుకాణమును అమ్మవచ్చును గాని ఊరుమ్మడి బావిని అమ్మజాలడు గదా! యాపును ఎన్నుకొనువారు 'నేడు మంచిదేనా' యని మాత్రమే అడుగుట చాలదు; 'రేపు చేతులు మాఱినచో నాగతి యేమి' యనియు అడుగవలెను. ఐఫోనుగలవారికి ఈ బాధ లేదు, ఈ స్వాతంత్ర్యమును లేదు, ఎస్.ఎం.ఎస్. ఆపిల్ వారి యాపులోనే పడును.

ఇట్లు కార్డులపెట్టెను చక్కబెట్టుకొన్నవారు కవరును విచారింపవచ్చును.

కవరునకు జిగురు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనునది. పంపువాని ఫోనులోనే సందేశము గుప్తలిపిగా మాఱి, అందుకొనువాని ఫోనులో మాత్రమే తిరిగి తెఱుచుకొనును. తాళపుచెవులు ఆ రెండు ఫోనులయందే యుండును. నడుమ మోయుచున్న కంపెనీకి సైతము చెవి యుండదు. ఈ తలంపు మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు చారులకు గూఢలేఖ్యమును చెప్పెను. అఱువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పమును వాత్స్యాయనుడు లెక్కించెను. రాజులకును రసికులకును చెల్లిన విద్య నేడు కౌలుదారునకును అందివచ్చినది; అదియే భేదము.

వాట్సాప్ ఈ జిగురును 2016 ఏప్రిలునుండి అందఱికిని వేసినది. కావున దానిలో వ్రాసిన మాటలను సంస్థవారు చదువుచున్నారను ప్రచారము నిజము కాదు. మిత్రుల నిందకై యైనను అసత్యమును మేము వ్యాపింపజేయము. కాని కవరులోని ఉత్తరము వేఱు, కవరుమీది చిరునామా వేఱు. ఎవఱు ఎవరికి, ఏ గంటకు, ఎన్నిమార్లు వ్రాసిరి. ఏ సంఘములలో నున్నారు. ఏ ఫోనునుండి, ఏ యూరినుండి - ఇది జిగురునకు వెలుపలిది. అర్ధరాత్రమున ఒక గృహస్థు హృద్రోగవైద్యునికి నాలుగుమార్లును, తెల్లవాఱి భీమాకంపెనీకి ఒకమారును వ్రాసెనని తెలిసినవానికి ఉత్తరములు చదువ నవసరమేమి?

జాన్ కూమ్, బ్రయన్ ఆక్టన్ అనువారు 2009లో స్థాపించిన వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ సంస్థ కొనునట్లు ప్రకటించినది. వెల 1900 కోట్ల డాలర్లు. ఉచితముగా సందేశములు మోయు బండికి అంత వెల ఏల వచ్చినదో వర్తకులైన మా పాఠకులకు వివరింప నక్కఱలేదు. 2021 జనవరిలో, ఫేస్‌బుక్ వ్యాపారశాఖలతో సమాచారము పంచుకొను క్రొత్తషరతులకు ఒప్పుకొనవలసినదేయని వాట్సాప్ నోటీసిచ్చినది. లక్షలాదిజనులు అలిగి ఇతరయాపులలోనికి పోయిరి; గడువు మే నెలకు వాయిదాపడినది; అలిగినవారిలో పెక్కురు మరల వచ్చిరి. ఆ షరతుల విషయముననే 2024 నవంబరులో మన దేశపు కాంపిటీషన్ కమిషను మెటా సంస్థకు 213 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసినది. వివాదము పిమ్మట అప్పీలునకు పోయినది. ఇంకొక సంగతి. వాట్సాప్ సందేశములను గూగుల్ డ్రైవులో దాచుకొనువారు ఆ దాపరమునకు వేఱుగ తాళము వేసికొననిచో కవరు విప్పి బీరువాలో పెట్టినట్లే. 2021నుండి ఆ తాళమును వాట్సాపే ఇచ్చుచున్నది. సెట్టింగులలో వెదకి, తనంతతాను వేసికొనవలెను. వేసికొన్నవారెందఱు?

టెలిగ్రామ్ విషయమున జనులలో పెద్ద భ్రాంతి యున్నది. 2013లో దూరోవ్ సోదరులు స్థాపించిన ఈ యాపు రహస్యమునకు పేరుమోసినది. నిజమునకు దానిలోని సామాన్య సంభాషణకు కొసనుండి కొసవఱకు గుప్తీకరణము లేదు. 'సీక్రెట్ చాట్' అని ప్రత్యేకముగా తెఱచినచో, అదియు ఇద్దఱి నడుమనైనచో మాత్రమే కలదు. సంఘములకు అసలే లేదు. 2024 ఆగస్టులో పావెల్ దూరోవ్ పారిసువద్ద అరెస్టగుటయు, మఱుసటి నెలలో, న్యాయబద్ధమైన కోరికపై వాడుకదారుల ఫోనుసంఖ్యలు అందజేయుదుమని సంస్థ షరతులు మార్చుటయు లోకమెఱిగినదే. సినిమాలు, వార్తల చానళ్లు చూచుకొనుటకు టెలిగ్రామ్ ఉంచుకొనుడు. ఇంటిసంగతులకు దానిని మేము సిఫారసు చేయము.

ఇక స్వదేశియాపుల సంగతి. ఈ మాట ఎత్తినపుడు కొందఱు పాఠకులకు మాపై కోపము రావచ్చును. తమిళదేశమున పుట్టిన జోహో సంస్థ 2021లో అరట్టై అను యాపును వెలువరించినది. అరట్టై యనగా తమిళమున పిచ్చాపాటి. 2025 సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కేంద్రమంత్రుల ప్రోత్సాహముతో జనులు తండోపతండములుగా దానిలో చేరిరి. మన చేతిపనిని మనము ఆదరించుట న్యాయమే. ఆ సంస్థ కార్యదీక్షను మేము శ్లాఘింతుము. కాని జనులు అట్లు చేరిన దినములలో అరట్టైలోని పిలుపులకు గుప్తీకరణముండెను, వ్రాతసందేశములకు లేకుండెను. కల్పింపగలమని సంస్థవారే చెప్పిరి. దేశభక్తితో చేరినవారు ఆ లోపమును అడిగి చేరియున్నచో మఱింత బాగుండెడిది. ఊరికమ్మరి చేసిన తాళమైనను తలుపునకు వేయుటకు ముందు లాగిచూతుము గదా. లాగిచూచుట కమ్మరికి అవమానము కాదు. పరాయిదొరకు మన జాబులు చదువు హక్కు లేదని వాదించిన జాతి, మనవాడు చదివినచో తప్పులేదనునా? హైక్ అను మన దేశపు యాపు 2021 జనవరిలో మూతబడుటయు, కూ అనునది 2024 జూలైలో మూతబడుటయు చూచితిమి. అభిమానముతోపాటు ఆదాయమును లేనిదే ఏ సంస్థయు నిలువదు. అరట్టైని వాడదలచినవారు తాళపుగుర్తు తమ సంభాషణలో కనబడుచున్నదో లేదో స్వయముగా చూచుకొని నిర్ణయించుకొందురుగాక.

సొంతకవరునకు మేము ఎన్నుకొనునది సిగ్నల్. కారణములు చెప్పెదము. అది లాభాపేక్షలేని ధర్మసంస్థ చేతిలోనున్నది. 2018లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనువాడును, వాట్సాప్ స్థాపించి అమ్మిన ఆ బ్రయన్ ఆక్టనే వచ్చి ఇచ్చిన అయిదు కోట్ల డాలర్లును కలిసి సిగ్నల్ ఫౌండేషను ఏర్పడినది. అమ్మినవాడే అమ్ముడుపోని దానిని కట్టబూనుట చోద్యము! ప్రకటనలు లేవు, సోర్సుకోడు బహిరంగము, వాట్సాప్ తన జిగురుగా వాడుకొను గుప్తీకరణపద్ధతియు సిగ్నల్‌వారిదే. అన్నిటికన్న గొప్ప ప్రమాణము కోర్టులో దొరికినది. 2016లో అమెరికాలోని వర్జీనియాప్రాంతపు గ్రాండుజూరీ ఒక వాడుకదారుని వివరములన్నియు ఇమ్మని సిగ్నల్‌ను కోరినది. సంస్థ ఈయగలిగినది రెండే: ఖాతా తెఱచిన సమయము, కడపట సంబంధమేర్పడిన తేది. పేరులేదు, మిత్రుల పట్టిక లేదు, ఎవరికి వ్రాసెనో లేదు. దాచియుంచనిదానిని ఏ కోర్టు ఉత్తరువైనను తీయించజాలదు. తక్కినవారు 'మేము చూపము' అని మాట ఇచ్చుచుండగా, వీరు చూపుటకే ఏమియు లేకుండ కట్టుకొనిరి.

సిగ్నల్‌నకు లోపములు లేవా? కలవు. చేరుటకు ఫోనుసంఖ్య కావలెను. ఐతే 2024నుండి వేఱుపేరు పెట్టుకొని, సంఖ్యను ఎదుటివారికి కనబడకుండ చేసికొనవచ్చును. పూర్వము ఆండ్రాయిడున ఎస్.ఎం.ఎస్. ను కూడ దానిలోనే చూచుకొను సౌకర్యముండెను. దానిని తీసివేయుదుమని 2022 అక్టోబరులో సంస్థ ప్రకటింపగా పలువురు నొచ్చుకొనిరి. కార్డును కవరును ఒకేచోట కలిసిన భ్రమను తొలగించుటకది మంచిదేయని మా తలంపు. కాని ఒక్క యాపుతో సరిపెట్టుకొన్న వృద్ధులకు రెండు యాపులయినవనుట నిజమే. ఖర్చును తక్కువది కాదు. 2025 నాటికి ఏటికి అయిదు కోట్ల డాలర్ల వఱకు కాగలదని 2023లో సంస్థయే లెక్కలు చూపినది; దానిలో క్రొత్తవారికి పంపు ధ్రువీకరణసంఖ్యల ఎస్.ఎం.ఎస్. ల నిమిత్తమే ఏటికి అఱువదిలక్షల డాలర్లు! చందాలపై నడచు సంస్థ ఎంతకాలము నిలుచునను సందేహము న్యాయమైనదే. వాడువారు శక్త్యానుసారము చందా ఇచ్చుట తప్ప దానికి మార్గము లేదు.

అన్నిటికన్న పెద్దలోపము, అందులో మనవారు లేకుండుట. ఊరంతయు వాట్సాప్‌లో నుండగా నేనొక్కడను సిగ్నల్‌లో ఎవరితో మాటాడుదునని అడుగువాని ప్రశ్నకు బలము కలదు. మా సలహా యిది: ఊరిని కదలింప బూనకుడు. గ్రామసంఘము, బడి, కులబాంధవుల గుంపు, మార్కెట్టుధరలు - ఇవి వాట్సాప్‌లోనే యుండనిండు. అవి రచ్చబండమాటలు, వానికి రహస్యమేల? భార్య, బిడ్డలు, తోబుట్టువులు, వకీలు, వైద్యుడు, లెక్కలు చూచువాడు - ఈ ఆఱేడుగురు సిగ్నల్‌లో చేరినచో చాలును. అమెరికాలోనో, గల్ఫులోనో యున్న కుమారుడు పండుగకు వచ్చినప్పుడు తల్లిఫోనులో దానిని అమర్చి, ఒకపూట కూర్చుండి నేర్పిపోవచ్చును. పేర్లపట్టిక చూపుమని అది అడిగినప్పుడు వలదనినను పనిచేయును.

ఇట్టి బిగువైన కవరులు దుర్మార్గులకును ఉపయోగించునుగదా యను ఆక్షేపణ తేలికది కాదు. 2018లో పిల్లలనెత్తుకపోవువారు తిరుగుచున్నారను పుకారు వాట్సాప్‌లో ప్రాకి, దేశమున పలుచోట్ల, హైదరాబాదులోను, నిరపరాధులు మూకలచేత హతులైరి. ఆ యేడు జూలైలో వాట్సాప్ మన దేశమున, వచ్చినదానిని ఐదుచోట్లకు మించి పంపకుండ కట్టడిచేసినది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన ఐ.టి. నియమములలో, 50 లక్షలకుమించి వాడుకదారులుగల సందేశసంస్థలు, ఉత్తరువుపై ఒక సందేశమును మొదట పంపినవాడెవడో చూపవలెనని 4వ నియమము విధించినది. అట్లు చూపవలెనన్నచో ప్రతివాని ప్రతిసందేశమునకును గుర్తు వేయవలెను. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టు కెక్కినది. గుప్తీకరణమును భగ్నము చేయుమన్నచో దేశమును విడిచిపోవుదుమని 2024 ఏప్రిలులో దాని న్యాయవాది చెప్పెను. ఇచ్చట మా పక్షము స్పష్టము. పుకారును ఆపినది పంపుటపై పెట్టిన కట్టడియే గాని చదువుట కాదు. నేరస్థుని ఫోనును వారంటుతో పట్టుకొనుడు, సాక్షులను విచారింపుడు. ఒక్కని కొఱకు కోట్లమంది కవరులను చించుట పోలీసునేర్పు కాదు. ఏకాంతత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామి వ్యాజ్యమున ఏకగ్రీవముగా తీర్పుచెప్పిరి. అంతకు ముందెన్నడో, 1844లో, లండనున తలదాచుకొన్న ఇటలీదేశభక్తుడు మాజినీ తన ఉత్తరములను ఎవరో విప్పుచున్నారని అనుమానించి, కవరులలో గసగసాలును ఇసుకరేణువులును వేసి పరీక్షించెను. అవి రాలిపోయి వచ్చినవి. హోంమంత్రి సర్ జేమ్స్ గ్రహాము ఉత్తరువుపై టపావారే విప్పుచుండిరని తేలగా పార్లమెంటు దద్దఱిల్లినది. తమ దేశమున అంత అలజడి చేసిన జాతియే, నలుబదియేండ్లకు మన దేశమున 1885 చట్టమును వ్రాసినది!

తాళము మంచిదైనను తలుపు తెఱచియుంచువానికి ప్రయోజనము లేదు. 2025 మార్చిలో అమెరికాదేశపు ఉన్నతాధికారులు యెమెనుపై దాడినిగూర్చి సిగ్నల్‌లో మంతనములాడుచు, పొరబాటున ఒక పత్రికాసంపాదకుని ఆ గుంపులో చేర్చుకొనిరి. గుప్తీకరణము లోపింపలేదు, శత్రువు చొరబడలేదు, పిలిచి కూర్చుండబెట్టినవానికి సర్వము వినబడినది. కావున గుంపులో ఎవఱెవరున్నారో అప్పుడప్పుడు చూచుకొనవలెను. 'లింక్డ్ డివైసెస్' అను చోట మీరెఱుగని కంప్యూటరు పేరు కనబడినచో తక్షణము తొలగింపవలెను. వాట్సాప్‌నకును ఇదే వర్తించును. తెరకు తాళము వేసియున్నప్పుడును సందేశము పైకి కనబడు ఏర్పాటును ఆపివేయవలెను. లేనిచో పక్కన కూర్చున్నవాడే టపాబంట్రోతు.

నిర్ణీతకాలమునకు సందేశములు తమంతట మాసిపోవు ఏర్పాటు సిగ్నల్‌లోను వాట్సాప్‌లోను కలదు. ఆరోగ్యవిషయములకు, ఇంటిముచ్చటలకు అది మేలు. కౌలు, బాకీ, కొనుగోలు మాటలకు మాత్రము దానిని వాడకుడు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 63వ సెక్షనుప్రకారము, తగిన ధ్రువపత్రముతో దాఖలుచేసిన ఎలక్ట్రానికు లిఖితములు కోర్టున సాక్ష్యమగును. కౌలుదారు 'ఇరువదిబస్తాలకు ఒప్పుకొంటిని' అని వ్రాసినది వారమునకు మాసిపోయినచో నష్టమెవరిది? అట్టివానిని ఉంచుకొనుడు, ఫోనునే భద్రపఱచుడు.

ఫోను మార్చువారికి కడపటి మాట. సిగ్నల్‌లోని పాతసందేశములు మామూలుగా ఏ కంపెనీభాండారమునను ఉండవు గనుక, క్రొత్తఫోను రాగానే పాతదానిని అమ్మివేయకుడు. రెంటిని పక్కపక్కనుంచి సందేశములను బదిలీ చేసికొనుడు. సిగ్నల్ పిన్నును ఇంటిలో ఒక కాగితముమీద వ్రాసి దస్తావేజులతో పెట్టుడు. పిమ్మట పాతఫోనును పూర్తిగా తుడిచి, సిమ్మును తీసి, అప్పుడు బజారునకు పంపుడు.